ఏ మందారం వేసుకుందాం?

పూలమొక్క కొనడానికి బయల్దేరినవాళ్ళు సాధారణంగా పువ్వును చూసి మొక్కను కొంటారు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. పువ్వు కోసమే గదా మొక్క! కాని మందారం సంగతి కొంచెం వేరు. గులాబీ పూసిందంటే నాలుగురోజులు కొమ్మమీద నిలుస్తుంది. చేమంతి వారం పదిరోజులు వాడదు. మందారం తెల్లవారుతూండగా విచ్చుకొని, పొద్దుగూకేసరికి ముడుచుకొని, మర్నాటికి రాలిపోతుంది. ఇవాళ చూసి ముచ్చటపడ్డ పువ్వు రేపు ఉండదు. రేపు ఉండేది చెట్టు. వచ్చే యేడూ, ఆ పైయేడూ, మనం సరిగ్గా చూసుకుంటే ఇరవై యేళ్ళకు గూడా ఉండేది ఆ చెట్టే. అంచేత మందారాన్ని ఎంచుకోవడం పాలవాణ్ణి కుదుర్చుకోవడం లాంటిది. ఒక్కనాటి పాలు చిక్కగా ఉన్నాయని మురిసిపోయి వాడుక పెట్టుకోం; రోజూ వేళకు వస్తాడా, వానలో వస్తాడా, వేసవిలో యెగ్గొడతాడా అని వాకబు చేస్తాం.

పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగనివ్వండి. తెలుగు పాఠాలు చెప్పి బ్రతికేవాడికి ఈ చాపల్యం తప్పదు. మనం మందారమంటున్న పువ్వుకు సంస్కృతంలో పేరు జపాకుసుమం; ఓడ్రపుష్పమని మరో పేరు. నవగ్రహస్తోత్రంలో సూర్యుణ్ణి పోల్చింది ఈ పువ్వుతోనే. మందారమన్నది అమరసింహుడి లెక్కలో దేవలోకపు చెట్లు అయిదింటిలో ఒకటి. పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనం తక్కినవి. భూమ్మీదికి వచ్చేసరికి అదే కోశం ఆ పేరును ఒకచోట బాడిదచెట్టుకు, మరొకచోట జిల్లేడుకు గూడా కట్టబెట్టింది. పోతనగారు ప్రహ్లాదుడిచేత చెప్పించిన ప్రసిద్ధ పద్యంలో తుమ్మెద మరిగిన మందారం దేవలోకపు మందారమే. ఆ తుమ్మెదను మన ప్రహరీగోడ పక్కనున్న చెట్టుమీద వెదికితే లాభం లేదు. మన యెర్ర మందారానికి అసలు చుట్టం తేనెపిట్ట. పొద్దున్నే వచ్చి, పువ్వుకు ఎదురుగా కూర్చోకుండా, తొడిమవైపు నుంచి ముక్కు గుచ్చి తేనె కాజేసి పోయే గడుసు పిట్ట అది.

అచ్చతెలుగులో ఈ చెట్టు దాసాని. రాయలసీమ వైపు ఈ మాట నేటికీ నోళ్ళల్లో ఉన్నది. కన్నడంవారి దాసవాళం దీనికి తోబుట్టువు. స్వర్గంలోని పేరు వచ్చి దాసానిమీద వాలేసరికి పాపం దాసాని తన పేరే మరచిపోయింది. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రం తక్కువ తిన్నారా? 1753లో లినేయస్ అనే స్వీడన్ దేశపు పండితుడు దీనికి హైబిస్కస్ రోజా సైనెన్సిస్ అని నామకరణం చేశాడు. చైనా గులాబీ అని అర్థం. గులాబీకీ దీనికీ యే చుట్టరికమూ లేదు. దీని అసలు బంధువర్గం మన వంటింట్లోనే ఉన్నది: బెండకాయ, గోంగూర. పొలంలో పత్తి. ఒక బెండపువ్వునూ గోంగూరపువ్వునూ కోసి, ఒంటిరేకు మందారం పక్కన పెట్టి చూడండి. ముగ్గురు అక్కచెల్లెళ్ళను ఒకచోట కూర్చోబెట్టినట్టే ఉంటుంది. తమిళులు దీన్ని చెంబరుత్తి, అంటే ఎర్రపత్తి, అన్నారు. పేరు పెట్టడంలో ఈ ఒక్కచోట వాళ్ళు మనకంటే, లినేయస్‌గారికంటే గూడా సూక్ష్మంగా చూశారని ఒప్పుకోక తప్పదు. ఈ చుట్టరికం వట్టి ముచ్చట కాదు సుమండీ, పురుగుల సంగతి వచ్చినప్పుడు మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇక రకాలు. మన పెరళ్ళలో తాతలనాటినుంచీ ఉన్నవి ముఖ్యంగా రెండు. ఒకటి రేకమందారం: అయిదు రేకులు, మధ్యనుంచి బయటికి చాచిన పొడుగాటి కాడ, దానిచుట్టూ పసుపుపచ్చని పుప్పొడి గింజలు, చివర అయిదు యెర్రని చుక్కలు. హైస్కూలులో వృక్షశాస్త్రం చదివిన ప్రతివాడూ ఒక బ్లేడుతో ఈ పువ్వును నిలువునా చీల్చినవాడే. రెండవది ముద్దమందారం. రేకులు దొంతరలు దొంతరలుగా కిక్కిరిసి ఉంటాయి. ఈ అదనపు రేకులు ఎక్కడినుంచి వచ్చాయంటారా? పుప్పొడి మోయవలసిన కేసరాలే రేకులుగా మారిపోయాయి. అంటే ముద్దమందారం తన సంసారాన్ని అందానికి ఖర్చు పెట్టేసిందన్నమాట. అందుచేత దానికి కాయ కాసే ప్రసక్తి లేదనే చెప్పాలి. ఆ మాటకు వస్తే మన పెరటి రేకమందారం గూడా కాయ కాయడం అరుదే. ఈ చెట్టు తనంతతాను అడవిలో మొలిచిన జాడ ఎక్కడా లేదని శాస్త్రజ్ఞులంటారు. మనిషి చేతిలోంచి మనిషి చేతిలోకి కొమ్మగానే బ్రతుకుతూ వచ్చింది. మీ అమ్మమ్మగారింట్లో పూసిన ముద్దమందారమూ, మీ యింట్లో పూస్తున్నదీ, మధ్యలో వేరే మొక్క కొని తేకపోతే, ఒకటే చెట్టు. దాని పిల్ల అనడానికైనా వీల్లేదు.

ఈ రెంటిలో ఏది మేలు? చూపుకు ముద్దమందారం నిండుగా ఉంటుంది, జడలో పెట్టుకుంటే చాలాసేపు ఆకారం చెడదు. కాని శ్రావణమాసపు ముసురులో దాని అవస్థ చూడాలి. రేకుల మధ్య నీళ్ళు నిలిచి, బరువుకు తలవాల్చి, తెల్లారేసరికి సగం కుళ్ళిపోయి ఉంటుంది. రేకమందారానికి ఆ బాధ లేదు. తల విదిలించుకొని నిలబడుతుంది. పిట్టలకూ తేనెటీగలకూ గూడా అదే ఇష్టం. వాననీళ్ళు ధారగా పడే చూరు కింద, పంచ అంచున అయితే రేకమందారమే వేయండి. కాస్త మరుగు ఉన్నచోట ముద్దమందారం వేయండి.

ఇవి కాక మందారం పేరుమీద చెలామణీ అయ్యే దాయాదులు కొన్ని ఉన్నాయి. రేకులు సన్నగా చీలిపోయి, జూకాలా కిందికి వేలాడే మందారం ఒకటి. అది తూర్పు ఆఫ్రికానుంచి వచ్చినది. నీడకు ఓర్చుకుంటుంది, పెద్దగా అడగదు, కాని నాలుగువైపులా కొమ్మలు చాపుతుంది. ఇరుకు వాకిలికి పనికిరాదు. మిరపకాయలా ముడుచుకొనే ఉండి ఎన్నడూ విచ్చుకోనిది మరొకటి. అది మెక్సికో ప్రాంతపుది, అసలు మందారం కానేకాదు. అయినా దడికి అంతకంటే మంచిది దొరకదు. పొద్దున్న తెల్లగా విచ్చి, మధ్యాహ్నం గులాబిరంగుకు తిరిగి, సాయంత్రానికి ఎర్రబడే వింతపువ్వు ఇంకొకటి. సంస్కృతంలో స్థలపద్మం. దీన్ని కొందరు మెట్టతామర అంటారుగాని, ఆ పేరు పెద్ద ఆకుల కన్నామొక్కకు గూడా ఉన్నది. కనక పేరు చెప్పి తెమ్మంటే ఏ మొక్క వస్తుందో పూచీ లేదు. పిల్లలున్న యింట్లో స్థలపద్మం ఒకటి ఉండాలని నా అభిప్రాయం. బడికి పోయేటప్పుడు చూసిన పువ్వు తిరిగి వచ్చేసరికి రంగు మార్చుకొని ఉంటే వాళ్ళకు కలిగే ఆశ్చర్యం చూసి తీరాలి. యెర్రమందారంతో గూడా ఒక తమాషా చేయవచ్చు. రేకులు వేడినీళ్ళలో నానవేసి ఆ రసంలో నిమ్మరసం చుక్క వేస్తే ముదురు గులాబిరంగు వస్తుంది, సున్నపుతేట వేస్తే ఆకుపచ్చగా మారుతుంది. బడిలో చెప్పే ఆమ్లమూ క్షారమూ పాఠం ఒక గిన్నెలో ఐపోతుంది.

ఇప్పుడు అందరినీ ఊరిస్తున్నవి ఇవేవీ కావు, సంకరజాతి మందారాలు. 20వ శతాబ్దం మొదట్లో హవాయి దీవుల్లో అక్కడి స్థానిక జాతులను మన జపాకుసుమంతో కలిపి కొత్త రకాలు పుట్టించడం ముమ్మరంగా సాగింది. ఆ దీవులవారు 1923లోనే మందారాన్ని తమ అధికార పుష్పంగా ప్రకటించుకొన్నారు. 1988లో, కాదు, మా దీవుల్లో సహజంగా పుట్టిన పసుపుపచ్చ మందారమే ఆ గౌరవానికి తగినదని చట్టం దిద్దుకొన్నారు. మలేసియావారు 1960లో ఎర్రమందారాన్ని జాతీయ పుష్పం చేసుకొన్నారు. 1950లో అమెరికాలో మందారప్రియుల సంఘమే ఒకటి వెలిసింది. మన దేశంలో బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారు గూడా సంకరాలు చేసి భారతసుందరి, చిత్రలేఖ, నర్తకి వంటి చక్కని పేర్లు పెట్టారు. ఇవాళ ఒక్కొక్క పువ్వు జానెడు వెడల్పు. పసుపు రేకు, మధ్యన గులాబి వలయం, నడుమ నెత్తురు చుక్క. బూడిదరంగు, ఊదారంగు, ఇటుకరంగు. చూసినవాడి మనస్సు చలించకపోతే వాడు ఋష్యశృంగుడన్నమాట.

కడియం తోటల్లో ఒక పెద్దాయనను ఈ విషయమే అడిగాను. గోదావరి కాలవగట్ల వెంట పుట్టి పెరిగి, అంట్లు కట్టడంలో జుట్టు నెరిసినవాడు. ఆయన నవ్వి, "మాస్టారూ! పువ్వు చూసి కొనేవాళ్ళవల్ల నా బేరం సాగుతుంది. ఆకు చూసి కొనేవాళ్ళు మళ్ళీ నా దగ్గిరికే వస్తారు" అన్నాడు. ఇందులోని గూఢార్థం విప్పి చెప్పమంటే, ఒక సంకరమందారం కుండీని పక్కకు లాగి చూపించాడు. కొసన ఒక్క పువ్వు, పళ్ళెమంత. దాని కింద మరో మొగ్గ లేదు. "ఇది ఇవాళ అమ్ముడుపోతుందండి. కొన్నవాళ్ళు మూడువారాలు దాని మొహం చూస్తూ కూచుంటారు." పక్కనే మరో కుండీ. పువ్వే లేదు, కాని కొమ్మకొమ్మకూ వరుసగా మొగ్గలు, ఒకటి బఠాణీగింజంత, ఒకటి చింతపిక్కంత, ఒకటి రేపు విచ్చుకోబోతున్నది. "ఇదండీ, వంతులవారీ పూస్తుంది. దీన్ని ఎవరూ అడగరు."

ఆయన చెప్పిన రెండో సంగతి గూడా గుర్తు పెట్టుకోదగ్గది. సంకరాలలో చాలావాటికి సొంత వేరు బలహీనం. అందుకని గట్టి నాటురకం మొదలుమీద అంటుకట్టి అమ్ముతారు. అంటుకు కిందనుంచి వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లెయ్యకపోతే, అవి యేపుగా పెరిగి పైకొమ్మను చంపేస్తాయి. మూడేళ్ళకు చెట్టునిండా మామూలు యెర్రపువ్వులు పూస్తాయి. "పసుపుమందారమని చెప్పి ఎర్రమందారం అంటగట్టాడు" అని నర్సరీవాణ్ణి తిట్టేవాళ్ళలో సగంమంది తిట్టవలసింది తమ గోళ్ళను! కొనేటప్పుడే, అంటు ఎక్కడ పడ్డదో చూపించమని అడిగి, అక్కడ ఒక దారం కట్టుకోండి. ఆ ముడి మట్టిలో పూడకుండా చూసుకోండి. ఇంకొకటి: ఎండాకాలంలో చూసిన రంగు శీతకాలంలో ఉండదు, శీతకాలపు రంగు ఎండల్లో ఉండదు. ఒకే మొక్క రెండు ఋతువుల్లో రెండు పువ్వులు పూసినట్టు కనిపిస్తే కంగారుపడవద్దు.

ఐతే, సంకరాలు దండగనీ నాటురకాలే పండగనీ చెప్పడానికి నేను కలం పట్టుకోలేదు. రాజమహేంద్రవరంలో మా అక్కయ్యగారింట్లో ఈ విషయమై జరిగిన రభస చెబితే మీకే తెలుస్తుంది. వాళ్ళ పెరటిగోడ బీటలు వారింది. పడగొట్టి కొత్తది కట్టాలి. గోడనానుకొని ముద్దమందారం చెట్టు, ముప్ఫైయేళ్ళది. మా అక్కయ్య కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ళ అత్తగారి పుట్టింటినుంచి కొమ్మగా వచ్చినది. మేస్త్రీ చెట్టు తీసేయాలన్నాడు. సరే, చెట్టు పోతే పోయింది, గోడ అయాక మేడమీద ఆరు కుండీల్లో సంకరమందారాలు పెడతానన్నది కోడలు. అక్కయ్య రెండుపూటలు అన్నం మానేసింది. నేను వెళ్ళేసరికి యిల్లు యుద్ధరంగంలా ఉన్నది.

"ఒరే తమ్ముడూ, నాకు రోజూ అమ్మవారికి ఇరవైయొక్క పువ్వు కావాలి. ఈ అమ్మాయి ఆరు కుండీలూ కలిసి నాకెన్ని ఇస్తాయో నువ్వు లెక్క చెప్పు" అన్నది అక్కయ్య.

లెక్క చూస్తే అక్కయ్య పక్షమే న్యాయం. ఒక కుండీలోని సంకరమందారం మూడురోజులకొక పువ్వు ఇచ్చిందనుకోండి, మంచి పూతకిందే లెక్క. ఆరు కుండీలకు రోజుకు రెండు పువ్వులు. ఆ ముసలి చెట్టు వానాకాలంలో ముప్ఫై పూసిన రోజులు నేనెరుగుదును.

ఐతే ఆ అమ్మాయి గూడా తేలిగ్గా తీసేయవలసిన మాట చెప్పలేదు. "మామయ్యగారూ, నేను పొద్దున్న ఏడింటికి బ్యాంకుకు బస్సు ఎక్కుతాను. వంటా, పిల్లల క్యారియర్లూ అయేసరికి పెరట్లోకి తొంగిచూసే తీరిక లేదు. తిరిగి వచ్చేసరికి రాత్రి ఏడు. ఈ యింట్లో ఎనిమిదేళ్ళనుంచీ ఉన్నాను. ఆ చెట్టు పువ్వు విచ్చుకొని ఉండగా ఆదివారాలే చూశాను. సంకరాలు కొన్ని రెండురోజులు నిలుస్తాయట గదండీ!"

నిజమే. కొన్ని సంకరాల పువ్వులు రెండురోజులు, చల్లని రోజుల్లో మూడోరోజు గూడా నిలుస్తాయి. రాత్రి దీపం వెలుతురులో చూసినా విచ్చుకొనే ఉంటాయి. పువ్వు ఎవరికోసం, ఏ వేళకు అన్నది అడగకుండా మొక్కను ఎంచడం ఎలా? అక్కయ్యకు కావలసింది ఉదయం అయిదున్నరకు సజ్జనిండా పువ్వులు. కోడలికి కావలసింది రాత్రి ఏడున్నరకు ఒక్క పువ్వు. ఇద్దరికీ ఒకే చెట్టు సరిపోదు. ఈ మాట చెప్పేసరికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని ఊరుకొన్నారు, ఒప్పుకొన్నారనుకొన్నాను.

మిగిలింది ముసలిచెట్టు ప్రశ్న. మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. అది వైశాఖమాసం, మందారపు కొమ్మ నాటడానికి అంతకంటే చెడ్డకాలం లేదు. కొమ్మలు వేరు పట్టడానికి వానాకాలం మంచిది. మరి ఆ వంశంలో ఇంకో చెట్టు ఎక్కడా మిగిలి లేదని అక్కయ్య ఏడుపు. అత్తగారి పుట్టింట్లో ఆ స్థలం ఎప్పుడో అమ్మేశారట. పన్నెండు కొమ్మలు కోశాం. పెన్సిలు లావువి, జానెడు పొడవువి, మరీ లేతవీ మరీ ముదరవీ కాకుండా. కింది ఆకులు తీసేసి, పైన రెండాకులు సగానికి కత్తిరించి, ఇసుకా పశువులయెరువూ కలిపిన మట్టిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి, నూతిపళ్ళెం పక్కన నీడలో పెట్టి, పైన తడిగోనె పందిరి వేశాం. గోనె ఆరకుండా రోజుకు మూడుసార్లు తడిపింది కోడలే. బ్యాంకుకు వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. మధ్యాహ్నం మాత్రం అక్కయ్య. నెల తిరిగేసరికి ఎనిమిది ఎండిపోయాయి, నాలుగు చిగిర్చాయి. రెండు వాళ్ళ కొత్తగోడకు అయిదడుగుల దూరంలో ఉన్నాయి. ఒకటి మా పెరట్లో. నాలుగోది ఎదురింటివారు పట్టుకుపోయారు. ఒక చెట్టును ఒకే పెరట్లో ఉంచకూడదని అక్కయ్యకు అప్పటికి తెలిసివచ్చింది.

గోడకు అయిదడుగులు అని ఎందుకన్నానంటే, మందారానికి గాలి కావాలి. గోడకు ఆనించి వేస్తే వేసవిలో ఆ సెగకే మొగ్గలు రాలతాయి, గాలి ఆడక పిండినల్లి పడుతుంది. ఎండ రోజుకు అయిదారు గంటలైనా తగలాలి. తూర్పు ఎండ శ్రేష్ఠం. కోస్తా మే నెల ఎండలో, తెలంగాణా రాతినేలల సెగలో, మధ్యాహ్నం రెండుగంటల తరవాత కాస్త నీడ దొరికేచోటు చూసుకోండి. నాటురకాలు ఎలాగో తట్టుకొంటాయి. సంకరాలు మొగ్గలు రాల్చి అలక పూనుతాయి. కుండీ ఐతే అడుగు వెడల్పుకు తగ్గకూడదు; అడుగున చిల్లి మూసుకుపోకూడదు. మందారానికి నీళ్ళంటే ప్రీతి, బురదంటే అసహ్యం.

బోరునీళ్ళు పోసే ఇళ్ళలో లేతాకులు పచ్చబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది తెగులు కాదు. సున్నం ఎక్కువైన నీటివల్ల, నేలవల్ల మొక్కకు ఇనుము అందకపోవడం. పశువులయెరువు దండిగా వేసి, వాననీళ్ళు పట్టగలిగినప్పుడు పట్టి పోస్తే కోలుకొంటుంది. మరీ పాలిపోతే ఎరువుల దుకాణంలో మొక్కలు తీసుకోగలిగే రూపంలో ఇనుము పొడి దొరుకుతుంది.

పురుగుల సంగతి అన్నాను గదా. బెండమడి పక్కన మందారం పెట్టకండి. చుట్టాలు గనక ఒకరి తెల్లదోమ ఒకరికి, ఒకరి పిండినల్లి ఒకరికి అందించుకొంటారు. పిండినల్లిలో ఒక జాతికి పేరే మందారపు గులాబిరంగు పిండినల్లి! కొసలు ముడుచుకొని, గిడసబారి, తెల్లని పిండి అద్దినట్టు కనిపిస్తే, ఆ కొసలు కత్తిరించి సంచిలో కట్టి పారెయ్యండి. పెంటపోగుమీద వేస్తే మళ్ళీ నడచివస్తుంది. తక్కినచోట నీళ్ళ గొట్టంతో గట్టిగా కొట్టండి. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి, చల్లపూట ఆకుల అడుగున తగిలేలా వారానికొకసారి మూడువారాలు చల్లండి. చెట్టుమీద చీమల బారు కనిపించిందంటే పిండినల్లి ఉన్నట్టే. చీమలు దాని తీపికోసం వచ్చి, దాన్ని మోసుకుపోయి కొత్త కొమ్మల్లో కాపురం పెట్టిస్తాయి. నర్సరీలో మొక్క కొనేటప్పుడు పువ్వు వెనక్కు తిప్పి, ఆకు కాడ కొమ్మను కలిసే మూల చూడండి. అక్కడ తెల్లని దూదిపింజ ఉంటే, పువ్వు ఇంద్రధనుస్సులా ఉన్నా సరే, దణ్ణంపెట్టి వచ్చేయండి.

ఒక్క మొక్కకే చోటున్నవారు నా మాట వింటే ఎర్ర రేకమందారం వేసుకోండి. పూజకూ, పిట్టకూ, తలకూ అదే. దాని ఆకులు గుప్పెడు నీళ్ళలో పిసికితే వచ్చే జిగురుతో తలంటుకొన్న జుట్టు ఎంత మెత్తగా ఉంటుందో మీ యింటి ఆడవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. రెండింటికి చోటుంటే పక్కన ముద్దమందారం. మేడమీద కుండీలున్నవారు, సాయంత్రాలు మాత్రమే ఇంట్లో ఉండేవారు, సంకరాల్లో రెండురోజులు నిలిచే రకం ఏదని అడిగి, మొగ్గలు వంతులవారీగా ఉన్న మొక్కను చూసి తెచ్చుకోండి. ఒక్కసారే ఆరు కొనవద్దు. ఒకటి తెచ్చి, ఒక వేసవీ ఒక వానాకాలమూ గడిపి, అది మీ డాబాతో సర్దుకొన్నాక రెండోది.

మందారం కొత్తచిగురు కొసనే పూస్తుంది. అందుకని తొలకరి పడగానే పాతకొమ్మలను మూడోవంతు కత్తిరించండి. కత్తిరించాలంటే చేతులు రాని వాళ్ళున్నారు. రెండునెలలు ఓపిక పడితే దసరాకు చెట్టంతా పూతే. ఆ కోసిన కొమ్మల్లో పెన్సిలు లావు ఉన్నవి ఏరి, తడిగుడ్డలో చుట్టి, చీటీ కట్టి, ఏ రంగో వ్రాసి, సాయంత్రం గోడమీదుగా పక్కింటివారికి అందించండి. చీటీ మాత్రం మరవకండి. పువ్వు లేని మందారపు కొమ్మలన్నీ ఒక్కలాగే ఉంటాయి.